పటిక గురించి రాస్తే కాళహస్తిని వదిలేస్తారా?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది తిరుపతిలో కిరాణా అంగడి, పటిక కూడా అమ్ముతాం. పోయిన ఆదివారం మీ పేపర్లో పటిక మీద అర పేజీ వేసినారు, ఏ వారం కట్టాల, నల్ల గుడ్డలోనా ఎర్ర గుడ్డలోనా, వాకిలికి ఏ పక్క అని అంతా దిష్టి గురించే, ఆఖర్లో మాత్రం రోజూ పరగడుపున పటిక నీళ్ళు తాగితే మంచిదని ఒక చిట్కా. దిష్టి సంగతి నేనేమీ అనను, మా అంగడి ముందరా ఒకటి వేలాడతా ఉండాది. కానీ తిరుపతిలో అచ్చయ్యే పేజీలో పటిక గురించి రాసి, గంట ప్రయాణం దూరంలో ఉండే కాళహస్తి పేరు ఒక్కసారి కూడా రాకపోతే ఎట్ల సార్?

కాళహస్తిలో కలంతో బొమ్మలు గీసి రంగులేసే కలంకారీ గుడ్డ మీద ఎరుపు నిలబడేది పటిక వల్లనే. మొదట గుడ్డని కరక్కాయ, బర్రె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేస్తారు, తుప్పు ఇనుముని బెల్లం నీళ్ళలో నానేసి పులియబెట్టిన నల్ల రంగుతో బొమ్మ గీస్తారు, తర్వాత ఎక్కడెక్కడ ఎరుపు రావాలో అక్కడ మాత్రం కలంతో పటిక నీళ్ళు పూస్తారు. దాన్ని ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, అప్పుడు మంజిష్ఠ, సురుడుచెక్క లాంటివి వేసిన కాగులో ఉడకబెడతారు. పటిక పట్టిన చోట ఎరుపు తేలతాది, మిగతా చోట్ల లేతగా అంటుకున్న రంగు తర్వాత పేడ నీళ్ళతోనూ ఎండతోనూ పోతాది. కారణం ఏమంటే పటిక అనేది పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేట్ ఉప్పు, అందులోని అల్యూమినియం ఒక పక్క నూలుపోగుని, ఇంకో పక్క రంగుని పట్టుకోని వదలదు. ఆ జాడించడం సరిగ్గా లేకపోతే మిగిలిన పటిక పక్కకి పాకి బొమ్మంతా అలుక్కుపోతాది, అందుకే ఈ పనికి స్వర్ణముఖి కావల్సొచ్చింది. ఇప్పుడు ఆ ఏట్లో నీళ్ళకంటే ఇసుక కనపడే రోజులే జాస్తి, దాని మీద రాయండి కదా ఒక పేజీ.

మన వాళ్ళకి ఇది నిన్నా మొన్నా వచ్చిన విద్య కాదు. మొహెంజొదారోలో వెండి పాత్రకి అంటుకోని దొరికిన నూలుగుడ్డ ముక్కకి మంజిష్ఠ జాతి ఎరుపే ఉండాది, ఆ రంగు ఇట్లాంటి ఉప్పు ఏదో ఒకటి లేకుండా నూలుకి పట్టదు. కోరమండల్ తీరంలో ఉన్న కేర్దూ అనే ఫ్రెంచ్ పాదిరీ 1742లో మన అద్దకం వాళ్ళని అడిగి అడిగి, కరక్కాయ దగ్గర్నించి పటిక దాకా పని మొత్తం ఉత్తరంలో రాసి వాళ్ళ దేశానికి పంపినాడు, ఎందుకంటే మన గుడ్డ ఎన్ని సార్లు ఉతికినా వెలవదని యూరప్ అంతా ఒకటే ఆశ్చర్యం. ఒక రకంగా చెప్పాలంటే దొంగతనమే అది, కాకపోతే మర్యాదగా అడిగి చేసినాడు.

పటిక కోసం రాజులూ పోపులూ పడిన పాట్లు చూస్తే నవ్వొస్తాది. గ్రీసులో డెల్ఫీ గుడి కాలిపోతే మళ్ళీ కట్టడానికి ఊరూరా చందాలు వసూలు చేసినారు, అప్పుడు ఈజిప్ట్ రాజు అమాసిస్ ఇచ్చింది బంగారం కాదు, వెయ్యి టాలెంట్ల పటిక, ఈ లెక్క పాతకాలం గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ రాసినాడు, ఇప్పటి తూకంలో పాతిక టన్నుల పైమాటే. మన హుండీలో ఎవరన్నా పటిక వేస్తే ఏమంటామో! తర్వాత 1453లో కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల చేతికి పోయినాక, పటిక గనులు కూడా అటు పక్కే ఉండిపోయి యూరప్ ఉన్ని వ్యాపారులకి ఊపిరాడలేదు. అక్కడ రంగుల వ్యాపారం చేసి పారిపోయి వచ్చిన జొవాన్ని ద కాస్త్రో అనే ఆయన రోమ్ దగ్గర తోల్ఫా కొండల్లో తిరగతా, ఆసియా పటిక కొండల మీద తాను చూసిన ముళ్ళాకుల చెట్టే ఇక్కడా ఉందేమని రాళ్ళు కాల్చి చూస్తే పటిక తేలింది, 1460ల మొదట్లో. ఇక పోపు గారు తుర్కుల పటిక కొంటే పాపం అన్నంత దూరం పోయినారు, తోల్ఫా గనుల మీద వచ్చే డబ్బు తుర్కుల మీద యుద్ధాలకి అన్నారు.

ఇంగ్లాండ్ వాళ్ళదైతే మరీ. యార్క్‌షైర్ సముద్రపు ఒడ్డున 1600ల మొదట్నించి 1871 దాకా పటిక బట్టీలు నడిచినాయి, రాయిని గుట్టలుగా పోసి నెలల తరబడి కాల్చి, నానబెట్టి, ఆ నీళ్ళని మరిగించి, అందులో కలపడానికి మనుషుల ఉచ్చని పీపాల్లో లండన్ నించి కూడా పడవల్లో తెప్పించుకున్నారు. పాకం కుదిరిందా లేదా అనేది కోడిగుడ్డు తేలుతుందా లేదా అని చూసేవాళ్ళంట. 1856లో పెర్కిన్ అనే ఇంగ్లీష్ ఆయన ఫ్యాక్టరీలో చేసే రంగులకి దోవ తీసినాక, మెల్లిమెల్లిగా ఈ గోల తగ్గింది.

మంగలి అంగళ్ళ వాళ్ళు ఇప్పటికీ మా దగ్గర పటిక కొనుక్కోని పోతారు, గాటు పడితే రక్తం ఆగుతాదని. నీళ్ళ సంగతి అందరికీ తెలుసు, బురద రేణువుల్ని ఒకదానికొకటి అంటించి అడుక్కి దించతాది, ఫిల్టర్ హౌసుల్లో వేసే అల్యూమినియం సల్ఫేట్ చేసేదీ అదే పని. నీళ్ళు తేటపడినంత మాత్రాన క్రిములన్నీ చచ్చినట్టు కాదు, కాంచుకోవాల్సిందే. ఇంకొకటి చాలా మందికి తెలియదు, 1926లో గ్లెన్నీ అనే ఇంగ్లీష్ ఆయన కంఠసర్పి (డిఫ్తీరియా) టీకాలో పటిక కలిపితే ఒళ్ళు ఇంకా బాగా స్పందిస్తాదని కనిపెట్టినాడు, ఈరోజుకీ పిల్లలకేసే టీకాలు కొన్నింట్లో అల్యూమినియం ఉప్పులు చాలా కొంచెం ఉంటాయి.

ఇప్పుడు మీ చిట్కా సంగతికి వస్తా. టీకాలో డాక్టరు కొలిచి వేసేది వేరు, రోజూ గ్లాసులో రాయి తిప్పుకోని తాగేది వేరు. కిడ్నీలు బాగలేని వాళ్ళకి అల్యూమినియం బయటికి పోదు, ఒంట్లో చేరతాది. ఇంగ్లాండ్‌లోనే కామెల్‌ఫర్డ్ దగ్గర 1988లో 20 టన్నుల అల్యూమినియం సల్ఫేట్ పొరపాటున తాగే నీళ్ళ ట్యాంకులో పోసేస్తే ఒక 20 వేల మంది ఇళ్ళకి ఆ నీళ్ళు పోయినాయి, కడుపునొప్పి, నోటి పుండ్లు అని జనం మొత్తుకున్నారు. పటిక డియోడరెంట్‌లో అల్యూమినియం లేదని ఆన్‌లైన్లో అమ్మతా ఉంటారు, అది పచ్చి అబద్ధం, పటికలో ఉండేదే అల్యూమినియం. మీ పేజీ చూసి మా అంగడికి వచ్చి తాగడానికి పటిక అడిగిన వాళ్ళకి నేను ఇయ్యలేదు, వాళ్ళు పక్కంగట్లో కొనుక్కోని ఉంటారు. చూసేదానికి కలకండ మాదిరే ఉంటాది, పిల్లోళ్ళు ఉండే ఇంట్లో అదొక భయం.

కాబట్టి ఆ చిట్కా తప్పని వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. అట్లే కాళహస్తికి ఒక విలేకరిని పంపించండి, మామూలుగా పోతే గుడ్డ ఆరేసిందే కనపడతాది, కాబట్టి కాగు పెట్టే రోజు ఏదో ముందే కనుక్కోని పొమ్మనండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి