ఆ 37.33 సెకన్ల సంగతి

విజయవాడ

ప్రియమైన మొసలీ,

ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు మన్నించు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చెల్లాయికి నూజివీడు బదిలీ అయింది, ఇంటి విశేషాలు ఇంతే. అసలు సంగతి విను.

మొన్న గాంధీనగర్ ఈతకొలను దగ్గర మన చైర్మన్ గారు యథాప్రకారం ఒక ప్రశ్న సంధించారు: భారతదేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చినదెవరు? 2008 బీజింగ్, అభినవ్ బింద్రా అని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. ఒలింపిక్స్ వరకు అది నిజమే. దివ్యాంగుల పోటీలైన పారాలింపిక్స్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటే (ఎందుకు తీసుకోకూడదో ఒక్కరూ చెప్పలేకపోయారు) ఆ ఘనత 36 ఏళ్ళ ముందే మురళీకాంత్ పేట్కర్‌కు దక్కిందని నేను చెప్పగానే చైర్మన్ గారి ముఖం నీవు చూడవలసింది!

ఆయన మహారాష్ట్రకు చెందిన సైనికుడు. సికింద్రాబాదులోని ఈఎంఈలో (సైన్యపు ఇంజనీరింగు విభాగంలో) ఉండగా బాక్సింగు చేసేవారు. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింది భాగం చచ్చుబడిన తరువాత, చికిత్సలో భాగంగా ఈత పట్టుకుని, 1972లో పశ్చిమ జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 37.33 సెకన్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. కాళ్ళు ఆడకపోతే నడుము కిందికి దిగుతుందనీ, దిగిన నడుము నీటికి అడ్డుపడి వేగాన్ని మింగేస్తుందనీ, ఇక భారమంతా భుజాలదేననీ కృష్ణలో ఎదురీదిన నీకు నేను వేరే చెప్పాలా? పున్నమి ఘాట్ దగ్గర పిక్క పట్టేసిన నాడు నీవు ఒడ్డు చేరిన తీరు, ఆపై పునుగుల బండి దగ్గర చేసిన ప్రతిజ్ఞ... సరే, ఆ జోలికి పోను. నీది స్థానబలిమి, పేట్కర్‌ది మాత్రం అచ్చంగా తన బలిమే.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఆ ఏడాది ఒలింపిక్స్ మ్యూనిక్‌లో జరిగినా, అక్కడి క్రీడాగ్రామాన్ని అపార్ట్‌మెంట్లుగా మార్చవలసి ఉందని పారాలింపిక్స్‌ను హైడెల్‌బర్గ్‌కు పంపారు. కొద్ది వారాలకే మ్యూనిక్‌లో అమెరికా ఈతగాడు మార్క్ స్పిట్జ్ గెలిచిన 7 స్వర్ణాలతో లోకమంతా మార్మోగింది. మన ఈతగాడికి పద్మశ్రీ రావడానికి 2018 దాకా పట్టింది. 46 ఏళ్ళు! పతకం గెలిచిన వేళ పుట్టిన పిల్లలు కూడా నడివయసుకు వచ్చేశారు.

ఇంకొకటి చెప్పాలి. ఆయన 1968లోనే టెల్ అవీవ్ పారాలింపిక్స్‌కు వెళ్ళారు, అయితే అక్కడ ఆడినది టేబుల్ టెన్నిస్! ఆ బల్ల నుండి నీటిలోకి... ఆటో అబ్బాయి హారన్ మోగిస్తున్నాడు, తపాలా పెట్టె తెరిచే వేళయింది. మిగతాది వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ
తాబేలు