బిగించి చుట్టిన పడవ లోపలి నుంచే పాడవుతుంది

సంపాదకుడు గారికి,

చలికాలంలో పడవలను భద్రపరచుకోవడంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంజిన్‌లోనూ గొట్టాల్లోనూ నీరు నిలవకుండా చూడాలని రాసింది అక్షరాలా నిజం. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. ఇరుకు దారుల్లో చిక్కుకున్న కొద్దిపాటి నీరే ఇంజిన్ దిమ్మెను పగలగొట్టగలదు. అయితే 'గాలి చొరబడకుండా ప్లాస్టిక్‌తో గట్టిగా చుట్టేయండి' అన్న సలహాను మాత్రం ఒప్పుకోలేను. మంచు కురిసే చోట ఏళ్ల తరబడి తెరచాప పడవను ఒడ్డుకు చేర్చి ఆరుబయటే కాపాడుకుంటున్న వ్యక్తిగా ఈ లేఖ రాస్తున్నాను.

పడవ ఎప్పుడూ పూర్తిగా ఆరదు. అడుగున కాస్త నీరు, పరుపుల్లో చెమ్మ, తాళ్లలో తడి మిగిలే ఉంటాయి. పగటి ఎండకు ఆ తడి ఆవిరై లేస్తుంది. రాత్రి చల్లబడ్డాక, ఉడుకుతున్న గిన్నె మూతకు పట్టినట్టు, పడవకు చుట్టిన కప్పు లోపలి వైపు బొట్లు కట్టి మళ్లీ పడవలోకే కారుతుంది. బయటికి దారి లేకపోతే నెలల తరబడి ఇదే సాగుతుంది. వసంతంలో కప్పు విప్పేసరికి పరుపుల నిండా బూజు, ఉబ్బిన చెక్క తలుపులు, చిలుము పట్టిన విద్యుత్ తీగల కొనలు కనిపిస్తాయి. అందుకే కప్పు ఎంత గట్టిది అని అడిగే ముందు, గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతుంది అని అడగాలి.

వేడి తగిలితే ముడుచుకుని అతుక్కునే తెల్ల ప్లాస్టిక్‌ను నేను తప్పుపట్టను. అది గాలికి కొట్టుకోదు, దానిపై మంచు నిలవకుండా జారిపోతుంది. కానీ ముందూ వెనుకా గాలి రంధ్రాలు అమర్చకుండా దాన్ని వాడకూడదు. పైగా అది సాధారణంగా ఒక్క చలికాలానికే పనికొస్తుంది, ఆపైన చెత్తే. కొలతలు తీసి కుట్టించిన కాన్వాసు కప్పుకు మొదట ఖర్చు ఎక్కువే. అయినా గుడ్డ గాలి ఆడనిస్తుంది, బాగా చూసుకుంటే చాలా ఏళ్లు వస్తుంది. పడవను అమ్మే ఆలోచన లేనివారికి నేను కాన్వాసే చెబుతాను.

టార్పాలిన్‌తో సరిపెట్టుకునేవారే ఎక్కువ. అదీ చాలు, కింద చట్రం ఉంటే! పడవ పొడవునా ఎత్తుగా ఒక నడిమి కర్ర నిలిపి, ఇరువైపులా బాగా ఏటవాలుగా పరచాలి. చదునుగా పరిస్తే మంచు పేరుకుంటుంది. ఒక ఘనపు మీటరు తడి మంచు 300 కిలోలు దాటవచ్చు. కమ్మీల కొనలు కప్పుకు తగిలేచోట పాత తివాచీ ముక్కలు చుట్టాలి. వదులుగా వేలాడే అంచులు గాలికి కదిలి కదిలి పడవ పైపూతను అరగదీస్తాయి, కాబట్టి వాటినీ బిగించాలి. వాననీరు లోపలికి చేరినా బయటికి పోయేలా పడవ ముందు భాగాన్ని కొంచెం ఎత్తులో ఉంచి, వెనుక అడుగున ఉండే బిరడా తీసి దాచాలి.

షెడ్డు దొరికితే మంచిదే. కానీ పలకలతో కట్టిన చెక్క పడవను వెచ్చబరిచిన గదిలో పెట్టకండి. పలకలు ఎండి కుంచించుకుపోతే అతుకులు విచ్చుకుంటాయి.

వ్యాసంలో అసలు ప్రస్తావించని విషయం ఒకటుంది. అది ప్రమాదానికి సంబంధించినది. కప్పు తాళ్లను పడవ పక్కన నిలిపిన ఇనుప ఊతాలకు ఎన్నడూ కట్టకూడదు. పోయిన చలికాలం మా పడవలు నిలిపే ఆవరణలో ఎవరో అలాగే కట్టారు. ఈదురుగాలికి కప్పు పైకి లేచి, తాడు లాగి, ఊతం జారిపోయింది. పడవ ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆ సమయంలో దాని పక్కన ఎవరూ లేరు కాబట్టి ప్రాణాపాయం తప్పింది. పడవ బరువు అడుగు దూలం కింది దిమ్మెల మీదే ఉండాలి, ఊతాలు ఒరగకుండా ఆపడానికి మాత్రమే. ఎదురెదురు ఊతాలను పడవ కింది నుంచి గొలుసుతో కలపాలి. కప్పు తాళ్లను అడుగు కింది నుంచి రెండో వైపుకు తీసుకెళ్లి కప్పు అంచుకే కట్టాలి, లేదా వాటికి ఇసుక సంచులు వేలాడదీయాలి.

వచ్చే చలికాలానికి ముందు ఈ అంశంపై మళ్లీ రాస్తే, ఊతాల సంగతి బొమ్మతో సహా వేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పడవ యజమాని