నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, నిజమే. మరి నా మిషన్ సంగతి?

ఉదయగిరి,
నెల్లూరు జిల్లా.

సర్వీసు విభాగం మేనేజరు గారికి,

విషయం: ఉన్ని కత్తిరించే మిషన్‌కు వారంటీ నిరాకరించడం గురించి.

నమస్కారం. మీ దగ్గర 9,800 రూపాయలు పెట్టి కొన్న మిషన్ మూడో గొర్రెకే ఆగిపోయింది. ఫిర్యాదు చేస్తే మీవాళ్లు పంపిన జవాబు: "నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు. మిషన్‌ను వేరే పనికి వాడారు కాబట్టి వారంటీ వర్తించదు."

మొదటి మాట నిజమే. మా జిల్లా పేరున్న జాతిలో పల్ల, జోడిపి, దొర మూడు రకాలూ మాంసానికి పెంచేవే. ఒంటి మీద పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని రాదు. నాకూ జోడిపి జీవాలున్నాయి, వాటికి మిషనుతో పనే లేదు. నేను కత్తిరించింది దక్కని నల్లగొర్రెలను. మూడేళ్ల కిందట అనంతపురం వైపు నుంచి పదకొండు తెచ్చుకున్నాను. మా తాత కప్పుకున్న కంబళి ఆ ఉన్నిదే. వానలో కప్పుకుని కూర్చుంటే లోపలికి చుక్క దిగేది కాదు. ఇప్పుడు ఉన్నికి ధర లేక చాలామంది వాటికి మాంసం రకం పొట్టేళ్లను కట్టిస్తున్నారు. నేను మాత్రం నా పదకొండింటినీ విడిగా మేపుతున్నాను. చిరునామాలో నెల్లూరు అని ఉంటే మందలో ఏ జాతి ఉందో మీరెలా తేల్చారు? పైగా మీ పెట్టె మీద ఉన్నది జోడిపి బొమ్మే!

మిషన్ పది నిమిషాలకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. రెండో గొర్రెకు పొట్ట దగ్గర తోలు మడత బ్లేడు పళ్లలో ఇరుక్కుని రెండంగుళాలు చీరింది. పురుగు పడుతుందని వేపనూనె రాసి, వారం రోజులు కొట్టంలోనే ఉంచాను. మూడోదాని వీపు సగమయ్యేసరికి మోటారు కాలిన వాసన వచ్చి ఆగింది. మిగతాది చేతి కత్తెరతోనే తీశాను.

బ్లేడు తెగక లాగుతుంటే ఒకే చోట రెండు మూడుసార్లు పోనివ్వాల్సి వచ్చింది. దక్కని ఉన్ని ముతకది, పొడవు తక్కువ. తోలుకు దగ్గరగా ఒక్క కోతలో రావాలి. మళ్లీ కోస్తే గోరంత తునకలు రాలతాయి, వడికేటప్పుడు నిలవవు. కంబళ్లు నేసే ఆవిడ ఆ ఉన్నిని గుప్పెట్లోకి తీసుకుని, రెండు వేళ్లతో లాగి చూసి, పక్కన పెట్టేసింది. ఆరు నెలలు పెరిగిన ఉన్ని అది.

నా డబ్బు పూర్తిగా తిరిగివ్వండి. వారంటీ నిరాకరిస్తూ రాసిన జవాబును వెనక్కి తీసుకోండి. బిల్లు, గాయం ఫోటోలు జతచేశాను. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేస్తాను. ఇంకా ఎనిమిది గొర్రెలకు ఉన్ని తీయాలి, ఎండలు ముదురుతున్నాయి.

ఇట్లు,
గొర్రెల పెంపకందారు