ఇకనుంచి మా షాపులో మామూలు రీలంటే 200

కస్టమర్లకు నమస్కారం. ఇన్నాళ్ళూ ఎవరైనా కౌంటర్ దగ్గరికొచ్చి "అన్నా, ఒక కలర్ రీలివ్వు, ఏదైనా పర్లేదు" అంటే ఫిల్మ్ కెమెరాలో వేసే రీళ్ళలో 400 నంబరుది తీసిచ్చేవాళ్ళం. ఈ నంబరు రీలు వేగం, అదెంత పెద్దదైతే రీలుకు అంత తక్కువ వెలుతురు చాలు. ఈ నెల నుంచి అలా అడిగినవాళ్ళకు కోడక్ గోల్డ్ 200 ఇస్తాం. 400 కూడా ఉంటుంది గానీ తక్కువ తెప్పిస్తాం. అడిగినవాళ్ళ చేతిలో ఏ కెమెరా ఉందో, ఎక్కడ తీస్తారో కనుక్కున్నాకే ఇస్తాం. కోడక్ ఖరీదైన రీలు పోర్ట్రా మాత్రం ముందే చెప్పుకున్నవాళ్ళకే. వ్యాపారం లెక్కన ఇది తిక్క నిర్ణయమే. ఖరీదైన రీలు అమ్మితేనే మాకు నాలుగు డబ్బులు మిగిలేది.

కారణం మన ఎండే. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఫోటోగ్రాఫర్లు వాడే పాత లెక్క ఒకటుంది. అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే కన్నం, ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఎఫ్16 పెట్టి, రీలు నంబరెంతో సెకనులో అన్నో వంతు షట్టర్ పెట్టాలి. అంటే కెమెరా మీదుండే దగ్గరి అంకె చూసుకుంటే 200 రీలుకు 1/250, 400 రీలుకు 1/500. మీరు తెచ్చేవేమో చాలావరకు నాన్నగారివో తాతగారివో, అటక మీంచి దించిన కెమెరాలు. యాషికా ఎలక్ట్రో 35 షట్టర్ 1/500 దాటదు. పెంటాక్స్ కె1000 ది 1/1000 దాటదు. మధ్యాహ్నం చార్మినార్ ముందు ఎలక్ట్రోలో 400 వేసుకుని నిలబడితే ఎఫ్16 తప్ప గతి లేదు. అంత మంచి ఎఫ్1.7 లెన్సు ఉండీ మూసుకుని తీసినట్టే. 200 వేస్తే ఒక స్టాప్ (వెలుతురు సగమో రెట్టింపో అయ్యే మెట్టు) వెసులుబాటు వస్తుంది. ఎండలో అదేమంత పెద్ద తేడా కాదు, ఒప్పుకుంటాను. కానీ మనిషిని చెట్టు నీడలోకి జరిపితే ఎఫ్4, 1/500 దగ్గర హాయిగా తీయొచ్చు, వెనకాల బండ్లూ బోర్డులూ మసకబారిపోతాయి. రోజువారీ ఫోటోల్లో మీరు కోరుకునేది అదే కదా.

గ్రెయిన్, అంటే ఫోటోలో కనపడే గరుకు చుక్కల సంగతి కూడా అడుగుతుంటారు. 4×6 ప్రింటు వేయించుకుంటే 200కీ 400కీ తేడా మీకు కనపడదు, నాకూ కనపడదు. ఏ4 సైజుకి పెంచితే ఆకాశంలో, గోడల మీద తెలుస్తుంది. ఫోన్లో చూసుకోవడానికి స్కాన్లు మాత్రం చాలనుకునేవాళ్ళు దీని గురించి బుర్ర పాడుచేసుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. మా దగ్గర కడిగే రీళ్ళలో చెడిపోయినవి ఎక్కువగా వెలుతురు చాలక చెడినవే. మరీ ఎక్కువై చెడినవి అరుదు. కలర్ నెగెటివ్ గుణమే అంత. గోల్డ్ 200 రెండు స్టాపులు తక్కువైనా, మూడు స్టాపులు ఎక్కువైనా పని జరుగుతుందని కోడక్ తన పత్రంలో రాసింది. నన్నడిగితే ఆ తక్కువ వైపు మాటని నమ్ముకోవద్దు. రెండు స్టాపులు తగ్గితే బొమ్మ వస్తుంది గానీ, నీడలన్నీ బురదరంగులోకి తిరిగి గరుకుగా ఉంటాయి. అందుకే మీ కెమెరాలో రీలు వేగం పెట్టే ఏఎస్ఏ చక్రం ఉంటే 200 రీలేసి 100 మీద పెట్టండి, రీలుకు ఒక స్టాప్ వెలుతురు ఎక్కువ పడుతుంది. పాత కెమెరాలకిది మరీ అవసరం. వాటిలో చాలావాటి వెలుతురు కొలిచే మీటర్లు 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి చేసినవి, ఆ బ్యాటరీలు ఇప్పుడు రావు. 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే చాలా మీటర్లు వెలుతురు ఉన్నదానికన్నా ఎక్కువుందని మోసపోతాయి, ఫోటో చీకటిగా వస్తుంది. రీలు డబ్బా మీది గళ్ళని చూసుకుని వేగం తానే పెట్టుకునే ఆటోమేటిక్ కెమెరా అయితే దాని మానాన దాన్ని వదిలేయండి.

200 వద్దని నేనే చెప్పే సందర్భాలూ ఉన్నాయి. ఈమధ్య రంగురంగుల ప్లాస్టిక్ కెమెరాలు కొంటున్నారు కదా, వాటిలో మార్చడానికేమీ ఉండదు. షట్టర్ సెకనులో నూరో వంతు, అపెర్చర్ ఎఫ్10 దరిదాపు, అంతే. ఎండలో వాటికి 400 వేస్తే వెలుతురు ఎక్కువవుతుంది గానీ రీలు తట్టుకుంటుంది. నీడలోకి, వరండాలోకి వచ్చినప్పుడు ఆ 400 ఆదుకుంటుంది. కాబట్టి ప్లాస్టిక్ కెమెరా వాళ్ళు 400 తీసుకోండి. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద పుట్టినరోజు తీయాలంటే 400 కూడా బొటాబొటీయే. ఎఫ్2 లెన్సు పెట్టి 1/60 దగ్గర చేయి వణక్కుండా పట్టుకోవాలి. ఫ్లాష్ ఉండి మనుషులు దగ్గర్లో ఉంటే ఏ రీలైనా నడుస్తుంది.

రంగుల విషయంలో గోల్డ్ కొంచెం పసుపు వైపు మొగ్గుతుంది. పట్టుచీరలకీ, మన చామనఛాయ ముఖాలకీ బాగా నప్పుతుంది. సాయంత్రం ఎండలో మాత్రం ఆ పసుపు కాస్త అతి అవుతుంది, స్కానింగులో సర్దుతాం. కలర్‌ప్లస్ 200 దొరికినప్పుడు అదీ పెడతాం, రంగు కొంచెం తగ్గి ఉంటుంది, నాకు ఇష్టమే. ఫ్యూజీ 200 కావాలని కొందరు పట్టుబడుతున్నారు, ఆకుపచ్చ బాగొస్తుందని. ఫ్యూజీ పాత రీలు సి200 నాటి మాట అది. ఇప్పుడొస్తున్న డబ్బా మీద తయారీ అమెరికా అని ఉంటుంది, దాని లక్షణాల పత్రాన్నీ గోల్డ్ పత్రాన్నీ పక్కపక్కన పెడితే గ్రాఫుల్లో గీతలు ఒకేలా కనపడతాయి. ఏది చవగ్గా దొరికితే అది కొనుక్కోండి. డబ్బా రంగుకి డబ్బులు పెట్టకండి.

సినిమా రీలు ముక్కల్ని డబ్బాల్లో చుట్టి అమ్మేవి, ముఖ్యంగా కోడక్ సినిమా రీలు 250డి, చాలామంది తెస్తున్నారు. రీలు మంచిదే. కానీ చాలావాటి వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పొర ఉంటుంది. మా మెషీన్లో కలర్ రీళ్ళు కడిగే సి-41 డెవలపర్ రసాయనం 37.8 డిగ్రీల దగ్గర నడుస్తుంది, రీలు అందులో 3 నిమిషాల 15 సెకన్లు ఉంటుంది. ఆ పొర ఊడి అందులో కలిస్తే మీ రీలుతోపాటు పక్కవాళ్ళ పెళ్ళి రీలు కూడా పోతుంది. అందుకని వాటిని విడిగా చేత్తోనే కడుగుతాం, దానికి ఛార్జీ ఎక్కువ, ఆలస్యం ఎక్కువ. డబ్బా మీద ఏమీ రాసి లేకపోతే చెప్పి ఇవ్వండి.

ఎండాకాలం కొరియర్ గురించి. ఏప్రిల్, మే నెలల్లో వారాంతానికి ముందు పార్సిల్ పంపం, ఆదివారమంతా ఏ గోడౌన్లోనో మగ్గుతుంది. కారులోనో బండి డిక్కీలోనో రీలు వదిలేసే అలవాటున్నవాళ్ళకు ప్రొఇమేజ్ 100 చూపిస్తాం. వేడి, ఉక్క ఉన్న దేశాల్లో బయట పెట్టినా తట్టుకునేలా కోడక్ చేసిన రీలది. ఫ్రిజ్‌లో దాచుకున్న రీలైతే బయటపెట్టి గంటో రెండు గంటలో ఆగి, అప్పుడు డబ్బా తెరవండి. లేకపోతే లోపల తేమ పడుతుంది.

ఇప్పటికే 400కి డబ్బులు కట్టినవాళ్ళకు పాత ధరకే ఇస్తాం. కావాలంటే 200కి మార్చుకోవచ్చు, తేడా డబ్బు వెనక్కిస్తాం. ఫోన్ చేసేటప్పుడు కెమెరా పేరు చెప్పండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం.