రిజర్వుల్లో లాభమెంత, మేం పెట్టిన డబ్బెంత?

కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు అకౌంట్స్ చెబుతాను. ఈమధ్య పిల్లలకంటే వాళ్ల తల్లిదండ్రులే ఎక్కువగా డౌట్లు అడుగుతున్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల కొట్టు నడిపే ఆయనకూ, ఆర్టీసీలో రిటైరైన పెద్దాయనకూ ఇప్పుడు షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా ఉంది. "కంపెనీకి రిజర్వులు బోలెడున్నాయి సార్, ఇంకేం భయం?" అంటారు. ఆ రిజర్వులు ఎక్కడివో చెబితే టెన్షన్ మొదలవుతుంది.

10 రూపాయల ముఖ విలువ ఉన్న షేరును కంపెనీ 300కు జారీ చేసిందనుకుందాం. 10 రూపాయలు వాటా మూలధనంలో, మిగతా 290 సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాలో చేరతాయి. ఈ ఖాతాను కూడా రిజర్వుల్లోనే కలిపి చూపుతారు. అమెరికా కంపెనీలు దీన్నే అడిషనల్ పెయిడ్ ఇన్ క్యాపిటల్ అంటాయి. తర్వాత మార్కెట్లో షేరు 600కు పెరిగినా 150కి పడినా ఈ ఖాతాలో అంకె మారదు. ఐపీఓలో, అంటే కంపెనీ షేర్లు తొలిసారి జనానికి అమ్మకానికి వచ్చినప్పుడు, పాత వాటాదారులు అమ్ముకునే షేర్ల డబ్బు అసలు కంపెనీకే రాదు.

ఇది మదుపరులు పెట్టిన డబ్బు, వ్యాపారం సంపాదించింది కాదు. అందుకే 2013 కంపెనీల చట్టం 52వ సెక్షన్ దీన్ని ఎలా పడితే అలా వాడనివ్వదు. వాటాదారులకు ఉచితంగా ఇచ్చే బోనస్ షేర్లకు, కంపెనీయే తన షేర్లను తిరిగి కొనే బైబ్యాక్‌కు, షేర్ల జారీకి అయిన ఖర్చులు కొట్టేయడానికి, ఇలా చట్టం చెప్పిన కొన్నిటికే వాడుకోవాలి. డివిడెండ్ ఇవ్వడానికి కుదరదు. చట్టం ఇంత జాగ్రత్తపడింది, సంతోషమే. బాధల్లా ఆ జాగ్రత్త సామాన్యుడి కంటికి కనిపించకపోవడమే.

ఒక కంపెనీ లెక్క చూడండి. ప్రీమియం 800 కోట్లు, పేరుకుపోయిన నష్టాలు 500 కోట్లు. మరేమీ లేకపోతే బ్యాలెన్స్ షీటు (ఆస్తి అప్పుల పట్టీ) ముఖపత్రంలో, మూలధనం పోను మిగతా రిజర్వులన్నీ కలిపి 'అదర్ ఈక్విటీ' అని ఒకే వరుసలో 300 కోట్లు కనిపిస్తుంది. విడివిడి అంకెల కోసం ఈక్విటీ మార్పుల పట్టికా, వెనక నోట్సూ వెతకాలి. అదీ ఇంగ్లిష్‌లో. పైపైన చూసిన మనిషి ఆ 300 కోట్లు లాభాల్లోంచి మిగిల్చినవే అనుకుంటాడు. నిజానికి వాటాదారులు తెచ్చిపోసిన దాంట్లో 500 కోట్లు కరిగిపోగా మిగిలింది అది. కొత్త ఐపీఓల వెంట పరుగెత్తేవాళ్లకు అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఇదే.

బోనస్ షేర్ల సంగతీ అంతే. ప్రీమియం ఖాతాలోంచి బోనస్ ఇస్తే మా డబ్బే ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మారుతుంది. మా కాలనీల్లో మాత్రం దాన్ని కంపెనీ పెట్టిన కానుక అనుకుని సంబరపడుతున్నారు.

అందుకని అడుగుతున్నాను. 'అదర్ ఈక్విటీ' కింద ప్రీమియం ఎంత, మిగుల్చుకున్న లాభం లేదా నష్టం ఎంత అనేది ముఖపత్రంలోనే రెండు వరుసలుగా చూపమనండి. ఐపీఓ పత్రాల సారాంశంతో వీడియో చేయాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో ఇంగ్లిష్, హిందీలకు పెట్టిన నియమాన్ని తెలుగుకూ వర్తింపజేయించండి. ఏడేళ్లు ఎవరూ తీసుకోని డివిడెండ్లు చేరే మదుపరుల విద్య, రక్షణ నిధి మీ శాఖ కిందే ఉంది. అది వాటాదారుల సొమ్మే. అందులోంచి బ్యాలెన్స్ షీటు చదవడం నేర్పే తెలుగు పాఠాలకు కొంత ఖర్చు చేయించండి. పాఠాలు రాయడానికి నాలాంటి అధ్యాపకులం సిద్ధంగా ఉన్నాం.

భవదీయుడు,
ఒక కామర్స్ అధ్యాపకుడు,
హైదరాబాద్