ల్యాబుల్లో ప్లగిన్లకు అనుమతి ఏది?

సంపాదకుల వారికి,

అనంతపురంలో డిగ్రీ విద్యార్థులకు ప్రోగ్రామింగ్ బోధిస్తున్న నేను ఒక విషయాన్ని మీ పత్రిక ద్వారా ప్రస్తావించదలచాను. కోడు అంటే అక్షరాల వరుస మాత్రమేనన్న భావన మారుతోంది. 2015లో వచ్చిన విజువల్ స్టూడియో కోడ్ వంటి, కోడు రాసే సాఫ్ట్‌వేర్ అయిన ఎడిటర్‌కు చిన్న ప్లగిన్ (అదనపు సౌకర్యాన్ని చేర్చే ప్రోగ్రామ్) రాసుకుంటే, ఒక ఫైలును అక్షరాలుగా కాక పట్టికగానో, బొమ్మగానో, అటూఇటూ జరిపే స్లైడర్లుగానో తెరిచి, అక్కడ చేసిన మార్పును తిరిగి అదే ఫైలులోకి చేర్చవచ్చు.

మొన్న ఒక విద్యార్థి వెబ్ పేజీ రూపురేఖలను నిర్ణయించే సీఎస్ఎస్ ఫైలులో రంగును సూచించే ఆరు గుర్తులను మార్చి మార్చి విసిగిపోయాడు. వాటిపై మౌస్ ఉంచితే తెరుచుకునే రంగుల పలకను చూపగానే పని ముగించి, “సార్, మన వేరుశనగ ధరల పట్టికకూ ఇలాంటిది చేయొచ్చా?” అని అడిగాడు. జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వస్తే చేయవచ్చు.

అయితే హాని జరుగుతుందన్న భయంతో మా ల్యాబులో ప్లగిన్లు పెట్టనివ్వరు. ఎడిటర్‌కున్న అధికారాలన్నీ ప్లగిన్‌కూ దక్కుతాయి కనుక ఆ భయం నిరాధారమని నేననను. కానీ ముందుగా పరిశీలించిన, ప్లగిన్లను ప్యాక్ చేసి ఉంచే వీఎస్‌ఐఎక్స్ ఫైళ్లను ఇంటర్నెట్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో ఎక్కించే వీలుంది. కనీసం విద్యార్థులు స్వయంగా రాసిన ప్లగిన్లనైనా కళాశాలలు అనుమతించాలని కోరుతున్నాను.

– ఒక అధ్యాపకుడు, అనంతపురం