ముందు పళ్ళకి బాండింగ్ చేయించుకున్నవాళ్ళకి: గ్యారంటీ, పాలిష్, కొత్త రేట్లు

విశాఖ ఎంవీపీ కాలనీలో మన క్లినిక్‌కి వచ్చి పళ్ళ సందు మూయించుకున్నవాళ్ళు, విరిగిన అంచు కట్టించుకున్నవాళ్ళు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: "వేరే చోట లైఫ్‌టైం గ్యారంటీ ఇస్తున్నారట, మీరెందుకివ్వరు?" ఇవ్వలేనండి. బాండింగ్ అంటే పంటికి అతికించే రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం), అందులో గాజు లాంటి సన్నటి పొడి కలిసి ఉంటుంది. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో ఎనామిల్‌ని, అంటే పంటి పైన ఉండే గట్టి పొరని, కాస్త గరుకు చేసి, దాని మీద పొరలు పొరలుగా పెట్టి నీలం లైటుతో గట్టిపరుస్తాం. 1955లో బువోనొకోర్ అనే డెంటిస్టు చూపించిన యాసిడ్ పద్ధతే ఇప్పటికీ దీనికి ఆధారం. పట్టు బాగానే ఉంటుంది, కానీ పదార్థం మాత్రం ఎనామిల్ అంత గట్టిది కాదు, అరుగుతుంది, రంగు పీలుస్తుంది. మనిషిని బట్టి, పన్నుని బట్టి 3 ఏళ్ళ నుంచి 10 ఏళ్ళ దాకా వస్తుంది. బీచ్ రోడ్డు పక్క ఇంటికి వేసిన పెయింట్‌కి జీవితాంతం గ్యారంటీ అంటే మీరు నమ్ముతారా?

మన దగ్గర పద్ధతి ఇది. ఏడాదిలోపు దానంతటదే ఊడితే మళ్ళీ ఉచితంగా పెడతాం. సోడా మూత పంటితో తీయబోయి, చెరకు చీల్చి, కోడి ఎముక కొరికి విరగ్గొట్టుకుంటే డబ్బు తీసుకుంటాం. విరిగిన అంచు చూస్తే చాలాసార్లు కథ అర్థమైపోతుంది, కాబట్టి "పెరుగన్నం తింటుంటే ఊడిందండీ" అని మాత్రం అనొద్దు.

ఇక అసలు విషయం. పసుపుగా మారిందని వచ్చే బాండింగుల్లో చాలావాటికి తీసి కొత్తది పెట్టాల్సిన పనే లేదు. పై పొర గరుకెక్కి అక్కడ టీ, పసుపు, కిళ్ళీ మరకలు పట్టి ఉంటాయి, డిస్కులతో పేస్టుతో పాలిష్ చేస్తే నిగారింపు తిరిగి వస్తుంది. అందుకే ఇకనుంచి ముందు పాలిష్ చేసి అద్దం మీ చేతికిస్తాం, అప్పటికీ నచ్చకపోతేనే మిగతా మాట. కొందరికి ఇది నచ్చడం లేదు, "డబ్బు ఇస్తానంటున్నా కదా, మొత్తం తీసేయండి" అంటున్నారు. తీయడం అంత తేలిక కాదండి. రెజిన్ రంగు మీ పంటి రంగులోనే ఉంటుంది, ఎక్కడ అది ఆగి ఎక్కడ ఎనామిల్ మొదలైందో కనిపెట్టడం కష్టం, ఎంత జాగ్రత్తగా తీసినా తీసినప్పుడల్లా సొంత పన్ను కొంచెం పోయే ప్రమాదం ఉంది. ఎనామిల్ మళ్ళీ పెరగదు. మూల చిట్లితే ఆ మూల వరకే గరుకు చేసి కొత్త రెజిన్ అతికిస్తే సరిపోతుంది. మొత్తం మార్చాల్సింది ఎప్పుడంటే, అంచు కింద పుచ్చు మొదలైతే, బాండింగ్ కదులుతుంటే, లేదా రంగు లోపలిదాకా దిగిపోతే. ఇంట్లో పట్టుకోవడానికి ఒక గుర్తు ఉంది: ఫ్లాస్ దారం ఎప్పుడూ ఒకేచోట చిక్కుకుని పీచులు పీచులుగా వస్తుంటే అక్కడ అంచు తేడా చేసినట్టే, ఓసారి చూపించండి.

మెడికల్ షాపులో క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత మందు కొనుక్కుని నెలల తరబడి వాడేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. చిగుళ్ళకి మంచిదే, కానీ డాక్టరు చెప్పినన్ని రోజులే, ఎక్కువైతే పళ్ళకీ బాండింగ్‌కీ గోధుమ రంగు మరకలు పడతాయి. బొగ్గు పొడి, ఉప్పు, గరుకు "వైట్‌నింగ్" పేస్టులు కూడా పాలిష్‌ని తినేస్తాయి. మెత్తటి బ్రష్షు, మామూలు ఫ్లోరైడ్ పేస్టు చాలు. వేరే చోట క్లీనింగ్ చేయించుకుంటే "ఫలానా పంటికి బాండింగ్ ఉంది" అని ముందే చెప్పండి, క్లీనింగ్ మిషన్ మొన తగిలితే గీతలు పడతాయి.

పెళ్ళిళ్ళ సీజన్‌లో మాకు టెన్షన్ పెట్టేది ఇంకొకటి. ముహూర్తం మూడు రోజులుందనగా వచ్చి, బ్లీచింగ్ చేసి పాత బాండింగ్ కూడా తెల్లగా చేసేయమంటారు. బ్లీచింగ్‌కి పన్ను తెల్లబడుతుంది గానీ రెజిన్ తెల్లబడదు, దాంతో బాండింగ్ ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందు బ్లీచింగ్, తర్వాత కనీసం రెండు వారాల విరామం (వెంటనే పెడితే కొత్త రెజిన్ సరిగా అంటుకోదు), ఆ తర్వాతే ఆ రంగుకి తగ్గ కొత్త బాండింగ్. పెళ్ళికి నెలన్నర ముందే రండి.

ముందు పళ్ళ పని ఇకనుంచి ఉదయమే. రంగు ఎంచుకోవడానికి పగటి వెలుతురు కావాలి, అదీ పన్ను తడిగా ఉన్నప్పుడే చూడాలి, ఎందుకంటే నోరు తెరిచి కాసేపు ఉంచితే పళ్ళు ఎండి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి. పని అయిన సాయంత్రం కూడా అంతే, పక్క పళ్ళు తెల్లగా, బాండింగ్ ముదురుగా అనిపిస్తుంది. కంగారుపడి ఫోన్ చేయొద్దు, మర్నాడు చూసుకోండి, అప్పటికీ తేడా ఉంటే రండి.

రేట్లు: పాలిష్ ఒక్కో పంటికి 400, చిన్న రిపేరు 1,200, మొత్తం మార్చితే 3,000. రిపేరుతో పోయేదానికి మార్పిడి బిల్లు వేయం. నిద్రలో పళ్ళు కొరికే అలవాటు ఉన్నవాళ్ళకి మాత్రం, గాజువాక నుంచి అంతదూరం వచ్చినా సరే, నైట్ గార్డ్ (రాత్రిపూట పళ్ళకి పెట్టుకునే తొడుగు) చేయించుకోకపోతే మూడోసారి అదే పంటికి బాండింగ్ పెట్టం.